బొంతల సంఘం పెట్టాలంటే ముందు నేల చూసుకోండి

గుంటూరు బ్రాడీపేట నుంచి ఒకమ్మాయి అడిగిన ప్రశ్న ఇది: "మేం నలుగురం ఆదివారాలు కలిసి ప్యాచ్‌వర్క్ దుప్పట్లు, పిల్లల బొంతలు కుట్టుకుంటున్నాం. విదేశాల్లో ఉన్నట్టు ఇక్కడా ఒక క్విల్టింగ్ గిల్డ్, అంటే బొంతలు కుట్టేవాళ్ళ సంఘం, పెట్టాలని ఉంది. సొసైటీగా రిజిస్టర్ చేయించుకుంటే ఆర్డర్లు వస్తాయంటున్నారు. విజయవాడలో మీ సంఘం ఎలా పెరిగిందో, మేం ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి."

రిజిస్ట్రేషన్‌కి తొందరేమీ లేదమ్మా. అది ఒక ఆఫీసులో కొన్ని సంతకాలతో అయిపోయే పని, ఎప్పుడైనా చేయించుకోవచ్చు. ముందు మీరు ఆలోచించాల్సింది వేరే ఉంది. ఎవరింట్లో వాళ్ళు కూర్చుని చేసుకోలేనిది ఏది? దేనికోసం ఇంకొకరి గుమ్మం ఎక్కక తప్పదు? ఆ అవసరం ఉన్నన్నాళ్ళే సంఘం ఉంటుంది. ఉత్సాహం ఒక్కటే పెట్టుబడిగా మొదలైనవి పిల్లల పరీక్షలు రాగానే ఆగిపోవడం చాలాసార్లు చూశాను.

మాకు ఆ అవసరం తానుల దగ్గర వచ్చింది. విజయవాడ వన్‌టౌన్‌లో వస్త్రలత మార్కెట్‌కి వెళ్తే హోల్‌సేల్ కొట్లలో మంచి కాటన్ చవగ్గా దొరుకుతుంది. కానీ రెండు మీటర్లు కొయ్యమంటే చాలా కొట్లవాళ్ళు కొయ్యరు, తాను మొత్తం తీసుకోవాల్సిందే. బీసెంట్ రోడ్డులో మ్యాచింగ్ సెంటర్లవాళ్ళు మీటరూ ఇస్తారు, అర మీటరూ ఇస్తారు, ధర మాత్రం వేరు. ప్యాచ్‌వర్కుకి కావాల్సింది ఒక్కో రంగు కొంచెమే, రంగులు మాత్రం పదో పన్నెండో ఉండాలి. ఒక్కళ్ళే తానులు కొని ఏం చేసుకుంటారు? అందుకని ఒకే వీధిలో కుట్టే అలవాటున్న కొందరం కలిసి తానులు తెచ్చి పంచుకోవడం మొదలుపెట్టాం. గిల్డ్ అన్న మాట అప్పుడు మాలో ఎవరికీ తెలియదు. బట్ట కోసి పంచుకునే రోజున కబుర్లు, ఆ కబుర్లలో నీ కుట్టు ఎలా వచ్చింది, నా ముక్క ఎందుకు వంకర పోయింది అనే లెక్కలు. అలా ఆ రోజు వారానికోసారి అయింది.

రెండోది నేల. ఇది వింటే నవ్వుతారు గానీ, మా సంఘాన్ని నిలబెట్టింది నిజంగా నేలే. డబుల్ కాట్ బొంత అంటే సుమారు 90 అంగుళాలు, 100 అంగుళాలు. అడుగు బట్ట, మధ్య పొర, పైన అతుకుల బట్ట, ఈ మూడూ ముడత లేకుండా పరిచి, మధ్య నుంచి అంచులకు జానెడు దూరంలో కచ్చా కుట్టు (తర్వాత విప్పేసే తాత్కాలిక కుట్టు) వేసుకుంటూ రావాలి. చుట్టూ మనుషులు కూర్చునే జాగా కలిపితే పన్నెండడుగుల నేల కావాలి. సత్యనారాయణపురంలో మా డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్లలో సోఫా, టీవీ స్టాండు, డైనింగ్ టేబులు పోగా మిగిలేది నడవడానికి దారి మాత్రమే. మంచం మీద వేసి కచ్చా కుడితే పరుపుతో కలిపి కుట్టేస్తాం, లేదా అడుగు బట్ట ముడత పడుతుంది. చివరికి బీఆర్‌టీఎస్ రోడ్డుకి దగ్గర్లో ఒకరి మేడ మీద పుట్టినరోజులకీ సీమంతాలకీ ఇచ్చే చిన్న హాలు దొరికింది. మధ్యాహ్నాలు ఖాళీయే కాబట్టి గురువారం వాడుకోమన్నారు, కరెంటు ఖర్చు మేం పెట్టుకుంటాం. ఆ రోజు నుంచి మనుషులు పెరిగారు. చేతిలో అతుకుల పైపొర సిద్ధంగా ఉన్న ప్రతి మనిషికీ ఆ నేల కావాలి, కచ్చా వేయడానికి ఇంకో మూడు జతల చేతులు కావాలి. ఇవాళ మీది వేస్తే వచ్చే వారం నాది. గురువారం మానేస్తే తన బొంత వెనకబడుతుంది కాబట్టి ఎవరూ మానరు.

మూడోది చెయ్యి. దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, గొడవలన్నీ ఇక్కడే వస్తాయి.

మా దగ్గరికి రెండు రకాల వాళ్ళు వచ్చారు. ఒకళ్ళు యూట్యూబ్ చూసి నేర్చుకున్నవాళ్ళు. రోటరీ కట్టరు, పెద్ద స్కేలు, కటింగ్ మ్యాట్, పావు అంగుళం కుట్టు జాగా, త్రికోణాలు, నక్షత్రాలు వీళ్ళ లోకం. రెండోవాళ్ళు పెద్దావిడలు. నులక మంచాల మీదికీ, బాలింతల పక్కలోకీ పాత చీరలతో బొంతలు కుట్టి పెట్టిన చేతులు వాళ్ళవి. కొత్త తాను తెచ్చి చతురస్రాలుగా కోయడం చూసి మా మామ్మగారొకరు, "బంగారంలాంటి బట్ట ముక్కలు చేసి మళ్ళీ అతుక్కోవడమేమిటే, మీకేమైనా పిచ్చా" అన్నారు. యూట్యూబ్ వాళ్ళేమో ఆవిడ వరసలు వంకరగా ఉన్నాయని వెనక గొణిగారు. కొన్నాళ్ళు హాల్లో రెండు చాపలు, రెండు జట్లు.

అది మారింది ఒక బొంత ఉతికినప్పుడు. మిషన్ మీద కుట్టిన బేబీ క్విల్ట్ రెండు ఉతుకులకే ఒక మూల ఉబ్బి, ఇంకో మూల లాక్కుపోయింది. మామ్మగారు ఆ బట్టల్ని వేళ్ళతో నలిపి చూసి కారణం చెప్పారు. ఒక ముక్కకి గంజి వదల్లేదు, ఇంకోటి పాత వాయిల్, మూడోది కొత్త మిల్లు కాటన్. కొత్త కాటన్ మొదటి ఉతుకులో నూరు అంగుళాలకి మూడు నుంచి ఐదు అంగుళాలు కుంచించుకుపోవచ్చు. పాతది అప్పటికే కుంచించుకుపోయి ఉంటుంది. రెండూ పక్కపక్కన అతికితే ఒకటి ఇంకోదాన్ని గుంజుతుంది. అప్పటి నుంచి మా దగ్గర ఉతకని బట్ట కత్తెర కిందకి పోదు. పెడన కలంకారీ అయితే విడిగా ఉతికి, తడి తెల్లగుడ్డతో రుద్ది రంగు అంటుతుందో లేదో చూశాకే కోస్తాం.

పెద్దావిడల చేతిలో ఉన్న పనితనం పుస్తకాల్లో దొరకదు. ఎడమ చెయ్యి బొంత కింద పెట్టి, సూది మొన వేలికి తగిలిందా లేదా అని చూసుకుంటూ కుడతారు. నాలుగు పొరల్నీ సూది అందుకుందో లేదో ఆ వేలికే తెలుస్తుంది. జరీ అంచులు ముందే కోసి పక్కన పెడతారు, ఉతికినకొద్దీ జరీ బట్టని కోస్తుందని. పట్టుని, నూలుని ఒకే బొంతలో కలపరు. మరీ చివికిన భాగం మధ్య పొరలోకి, గట్టిగా ఉన్న పైట చెంగు పైకి. ఐదున్నర మీటర్ల చీర సగానికి మడిస్తే రెండు పొరల్లో సుమారు తొమ్మిదడుగుల పొడవు, నాలుగడుగులకు కాస్త తక్కువ వెడల్పు వస్తుంది. అంటే రెండు చీరలతో నాలుగు పొరల సింగిల్ బొంత, మిగిలిన ముక్కలు అతుకులకి. ఈ లెక్క వాళ్ళు కాగితం మీద వేయరు.

చివరికి మాకు కుదిరిన పద్ధతి ఏమిటంటే, పైపొర మిషన్ మీద అతకడం, పొరలు చేత్తో కుట్టడం. అందరికీ ఇది నచ్చలేదు. మొత్తం మిషన్ మీదే చేసేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు, వాళ్ళని మేం ఆపం. కానీ కొత్తగా వచ్చినవాళ్ళు మొదటి చిన్న బొంత మాత్రం చేత్తోనే కుట్టాలి. కొత్తవాళ్ళకి మేం పెట్టిన నియమం అదొక్కటే. చేత్తో కుడితే గానీ బట్ట ఎలా కదులుతుందో తెలియదని నా నమ్మకం.

బొంత ఇక్కడిది మాత్రమే కాదని తెలిశాక పెద్దావిడలకి కూడా హుషారు వచ్చింది. బెంగాల్ కాంథా, బీహార్ సుజని, మహారాష్ట్ర గోధడి, కర్ణాటక కౌది, అన్నీ పాత బట్ట పొరల మీద సాదా పరుగు కుట్టే. ఉత్తర కర్ణాటకలో ఆఫ్రికా మూలాలున్న సిద్దీ తెగ ఆడవాళ్ళు కవంది అనే తమ బొంత కుట్టేటప్పుడు అంచు దగ్గర మొదలుపెట్టి, చుట్టూ తిరుగుతూ మధ్యకి చేరతారు. అది ఫోనులో చూపిస్తే మామ్మగారు వెంటనే ప్రయత్నించి, మధ్యకి వచ్చేసరికి బట్ట ఉబ్బిందని విప్పేసి, మళ్ళీ కుట్టి సాధించారు. ఇక మీరన్న గిల్డుల సంగతి. బ్రిటన్ క్విల్టర్స్ గిల్డ్ 1979లో, అమెరికన్ క్విల్టర్స్ సొసైటీ 1984లో మొదలయ్యాయి. మన దేశంలో చెన్నైలో 2019లో ఇండియా క్విల్ట్ ఫెస్టివల్ జరిగింది. వాళ్ళ పద్ధతుల్లో మాకు పనికొచ్చినవి రెండు. ప్రతి కలయికలో పూర్తయినదో సగం అయినదో అందరికీ చూపించడం, నెలకో నమూనా పెట్టుకుని అందరూ ఒకే సైజు చతురస్రం కుట్టడం. కమిటీలు, పాయింట్లు, పోటీలు మాకు అచ్చిరాలేదు. పోటీ పెట్టిన ఏడాది ఇద్దరు మాట్లాడుకోవడం మానేశారు.

ఇప్పుడు ఆర్డర్ల గురించి, మీరు ఎక్కువ ఆశ పెట్టుకున్నది దీని మీదే అనిపించింది కాబట్టి. ముందు ఒక లెక్క చూడండి. నాలుగడుగుల వెడల్పు, ఏడడుగుల పొడవు బొంత. అర అంగుళానికో వరస వేస్తే 95 వరసలు. వరసకి ఏడడుగులు, మొత్తం 665 అడుగులు, అంటే 200 మీటర్ల పైచిలుకు చేతి కుట్టు. గంటకి ఐదు మీటర్లు కుట్టే మంచి చెయ్యికి కూడా 40 గంటలు. కోత, అతుకు, కచ్చా, అంచు మడత విడిగా ఉన్నాయి. షాపులో ఫ్యాక్టరీ కంఫర్టర్ చూసి వచ్చినవాళ్ళు ఆ 40 గంటలకి డబ్బివ్వరు. వరసల మధ్య అంగుళం వదిలితే కుట్టు సగమవుతుంది, బొంత కాస్త వదులుగా ఉంటుంది. ఏది కుడుతున్నారో కొనేవాళ్ళకి ముందే చూపించి ధర చెప్పండి.

మాకు ఒక బట్టల షాపు నుంచి పెద్ద ఆర్డరు వచ్చినప్పుడు సంఘం దాదాపు విడిపోయింది. ఎవరెన్ని గంటలు కుట్టారన్నది ఎవరూ రాయలేదు. ముక్కలు కోసినవాళ్ళకెంత, కచ్చా వేసినవాళ్ళకెంత, దారం ఎవరిది, అన్నీ తర్వాత వచ్చిన ప్రశ్నలే. షాపు వాళ్ళు డబ్బు వాయిదాల్లో ఇచ్చారు, టెన్షన్ మాత్రం ఒకేసారి వచ్చింది. దాని తర్వాత గురువారానికీ ఆర్డర్లకీ మధ్య గోడ కట్టాం. గురువారం ఎవరి పని వాళ్ళది, ఆ హాల్లో ఆర్డరు బట్ట పరవకూడదు. ఆర్డరు తీసుకున్న జట్టు వేరే రోజు పెట్టుకుంటుంది, పనికి ఇంత అని ముందే కాగితం మీద రాసుకుంటుంది, వచ్చినదాంట్లో నూటికి పది సంఘానికి ఇస్తుంది. చీటీలు, చేబదుళ్ళు సంఘం పేరుతో పూర్తిగా నిషేధం. చీటీ ఒకటి కలిపితే మీది బొంతల సంఘం కాదు, చీటీల సంఘం.

మాకు ఎక్కువగా వచ్చే ఆర్డరు ఏదో తెలుసా? అమ్మ చీరలతో బొంత. పోయినవాళ్ళ చీరలు ఇంట్లో ఉంచుకోకూడదు, ఎవరికైనా ఇచ్చేయాలి అనే పట్టింపు మన దగ్గర చాలా ఇళ్ళల్లో ఉంది. అయినా కూతుళ్ళు రెండు మూడు చీరలు బీరువా అడుగున దాచుకుంటారు. అవి తెచ్చి ఇస్తారు. వాటిని కోసేటప్పుడు వాళ్ళని దగ్గర కూర్చోబెట్టుకోండి, ఏ ముక్క పైకి రావాలో వాళ్ళనే చెప్పమనండి. ఒకసారి కోశాక వెనక్కి రాదు, తర్వాత మాట పడేది మీరే. పట్టు చీరలైతే ఉతికే బొంత వద్దని, గోడకి వేలాడదీసుకునేదో, పక్క మీద పగటిపూట పరిచేదో చేయించుకోమని చెప్పండి.

ఇంకో మాట. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు పొంగి విజయవాడలో సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం ఇళ్ళల్లోకి నీళ్ళొచ్చాయి. నీళ్ళు తీశాక ఆ వీధుల్లో తడిసిన పరుపులన్నీ రోడ్డు మీద గుట్టలు. మా వాళ్ళు బొంతలు కుట్టి ఇద్దామన్నారు. ఇంట్లో ఉన్న పాత చీరలతో అని కొందరు, కొత్త బట్టతోనే అని కొందరు. నేను రెండో వైపే ఉన్నాను. సొంత ఇంట్లో పాత చీర బొంత కప్పుకోవడం వేరు, ఊరివాళ్ళ పాత చీర చేతిలో పెట్టించుకోవడం వేరు. తానులే తెచ్చాం. అక్కడ మిషన్ వాళ్ళ సత్తా కనిపించింది. చేతి కుట్టుతో అయితే అవి సంక్రాంతికి గానీ పూర్తి కావు. ఆ పని చూసి వచ్చి చేరినవాళ్ళే ఇప్పుడు మా సంఘంలో గట్టి మనుషులు.

మనుషులు పెరిగాక హాలు చాలలేదు. పెద్ద హాలు వెతక్కుండా రెండుగా విడిపోయాం. భవానీపురం వైపు వాళ్ళు అక్కడే ఒక చోటు చూసుకున్నారు, తానులు కొనేటప్పుడు, ఏడాదికోసారి ప్రదర్శన పెట్టేటప్పుడు మాత్రం కలుస్తాం. ఒక్క నేల చుట్టూ పదిహేను మందికి మించితే మిగతావాళ్ళు కబుర్లకే వస్తారు. కబుర్లకి రావడం తప్పు కాదు, పని చేసుకునేవాళ్ళకి చోటు లేకపోవడమే ఇబ్బంది. రోజు ఎంచుకునేటప్పుడు మన క్యాలెండరు చూసుకోండి. మంగళ, శుక్రవారాలు పెట్టుకుంటే శ్రావణమాసం అంతా పోయినట్టే. దసరా పది రోజులు విజయవాడలో మేం అసలు కలవం, వన్‌టౌన్ వైపు రోడ్లన్నీ దుర్గమ్మ గుడికి వచ్చే జనమే. మేలో రోహిణి ఎండలకి మధ్యాహ్నం మేడ మీద కూర్చోలేం, పొద్దున్నే పెట్టుకుంటాం. మీ ఆదివారం గురించి నాకు అనుమానమే. ఇంట్లో అందరూ ఉండే రోజు ఆడవాళ్ళు బయటికి రావడం నాలుగు వారాలు సాగుతుంది, ఐదో వారం చుట్టాలొస్తారు.

రిజిస్ట్రేషన్ గురించి క్లుప్తంగా. 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద సొసైటీకి కనీసం ఏడుగురు ఉండాలి. ఆశయాలు, నియమావళి రాసుకుని జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసులో దాఖలు చేయాలి. తర్వాత ఏటా సర్వసభ్య సమావేశం, కార్యవర్గం జాబితా పంపడం, లెక్కలు రాయడం ఉంటాయి. చాలామందికి తెలియనిది ఏమిటంటే, ఆ సొసైటీకి వచ్చిన లాభం సభ్యులు పంచుకోవడానికి కాదు, ఆశయాలకే ఖర్చు పెట్టాలి. నేర్పడం, ప్రదర్శనలు పెట్టడం మీ ఉద్దేశమైతే అది సరిపోతుంది. కుట్టి అమ్ముకుని పంచుకోవాలంటే 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం ఉంది, దానికి వేరువేరు కుటుంబాల నుంచి కనీసం పదిమంది కావాలి. పొదుపు, బ్యాంకు రుణం అసలు ఉద్దేశమైతే పట్టణాల్లో మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) కింద స్వయం సహాయక సంఘాలు ఉండనే ఉన్నాయి. మూడూ మూడు దారులు. మీ నలుగురిలో ఎవరికి ఏది కావాలో ఇప్పుడే అడిగి చూడండి, ఒకే జవాబు వస్తుందని నేననుకోను. మేం చాలాకాలం ఒక నోటు పుస్తకం, ఇద్దరు సంతకం పెట్టే పద్ధతితోనే నడిచాం. బ్యాంకు ఖాతా లేకుండా ప్రదర్శన హాలుకి అడ్వాన్సు కట్టడం ఇబ్బంది అయ్యాకే సొసైటీగా మారాం.

గుంటూరులో మీకు మాకన్నా ఒక సౌకర్యం ఉంది. చుట్టూ పత్తి పండే ఊళ్ళు, జిన్నింగు మిల్లులు. పరుపుల షాపుల్లో ఏకిన దూది మంచిది దొరుకుతుంది. అయితే దూది నింపితే వరసలు రెండు అంగుళాల కన్నా దూరం పోనివ్వకండి, ఉతికినప్పుడు ఉండలు కట్టి మూలలకి చేరుతుంది. మన ఎండలకి మందం బొంత అమ్ముడుపోదు కూడా. ఏసీ గదుల్లోకి కప్పుకునే పలచటి బొంతనే అడుగుతున్నారు. దానికి దూది లేకుండా మూడు పొరల నూలు బట్ట చాలు. ఇళ్ళల్లో పాత చీరలంటే ఇప్పుడు చాలావరకు జార్జెట్, షిఫాన్ లాంటి సింథటిక్ రకాలే. అవి జారతాయి, చెమట పట్టిస్తాయి, వద్దు. మంగళగిరి మీకూ మాకూ మధ్యలోనే ఉంది, అక్కడి నూలు డ్రస్ మెటీరియల్ మిగులు ముక్కలు అడిగి చూడండి.

కాబట్టి ఈ నెలలో మీరు చేయాల్సింది, బ్రాడీపేట, అరండల్‌పేట చుట్టుపక్కల మధ్యాహ్నం ఖాళీగా ఉండే పన్నెండడుగుల నేల వెతకడం, బొంత కుట్టడం వచ్చిన పెద్దావిడని ఒకరిని ఆటో ఛార్జీలిచ్చి అయినా పిలిపించుకోవడం. చోటు దొరికాక కబురు చెయ్యండి. మేం ఈసారి తానులు కొనేటప్పుడు మీకు కావాల్సిన రంగులు కూడా కలిపి తెస్తాం, మీ వాటా డబ్బు మాత్రం ముందే పంపాలి.